గంధకం కొట్టాను, బీరపాదు మాడిపోయింది. మందు తప్పా, నా తప్పా?

డాబాతోట (హైదరాబాద్)
ఫిబ్రవరి 26, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎప్పట్నుంచో చదువుతూనే ఉన్నాను కానీ రాయడం తక్కువ. ఈరోజు రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మా డాబా మీద నలభై దాకా గ్రో బ్యాగులు ఉన్నాయి. బీర, దొండ, బెండ, మిరప, ఆరు గులాబీలు, ఒక కరివేపాకు. సంక్రాంతి వెళ్ళాక బెండ ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లటి మచ్చలు మొదలయ్యాయి. తర్వాత గులాబీ మొగ్గల మీద, ఆపైన బీర ఆకుల మీద కూడా కనిపించాయి. మందుల షాపులో ఫోటో చూపిస్తే బూడిద తెగులు అన్నాడు, నీటిలో కరిగే గంధకం 80 శాతం పాకెట్ ఇచ్చి లీటరుకు 3 గ్రాములు కలిపి కొట్టమన్నాడు. గంధకం సహజమైనదే కదా, ఆర్గానిక్ వాళ్ళు కూడా వాడతారట కదా అని ధైర్యంగా తెచ్చుకున్నా.

ఆదివారం తీరిక దొరికింది. టిఫిన్లు, బట్టలు అన్నీ అయ్యాక పదకొండింటికి డాబా ఎక్కి చెంచాతో కొలిచి కలిపి అన్నిటికీ ఒకేలా కొట్టేశాను. బెండకి ఏమీ కాలేదు. గులాబీల్లో ఒకదానికి ఆకుల అంచులు మాత్రం కొంచెం గోధుమ రంగుకి తిరిగాయి. బీరపాదు మాత్రం మూడో రోజుకి చూడలేకపోయాను. ఆకులు అంచుల నుంచి లోపలికి ఎండి, పెనం మీద ఎక్కువసేపు ఉంచిన అప్పడంలా ముడుచుకుపోయాయి, చేత్తో పట్టుకుంటే పొడిపొడి. పిందెలు రాలిపోయాయి. దొండ ఫర్వాలేదు, సగం ఆకులు బాగానే ఉన్నాయి.

నాకు కూడా సాయంత్రం దాకా కళ్ళు మండాయి. షాపువాడు నకిలీ మందు ఇచ్చాడా? పాదు పీకేయాలా, ఉంచాలా?

గోదారిగట్టు (కడియం దగ్గర)
ఫిబ్రవరి 26, రాత్రి 10:05

అమ్మా, పీకకండి. నకిలీ కాదు, అసలుదే, అందుకే మాడింది.

పాదుజాతి కూరగాయల మీద గంధకం మందులు కొట్టకూడదని మా దగ్గర చిన్న నర్సరీ కుర్రాడు కూడా చెప్తాడు. బీర, సొర, దోస, కాకర, పుచ్చ, గుమ్మడి, ఇవన్నీ గంధకానికి తట్టుకోలేవు. వాటిలోనూ రకాన్ని బట్టి తేడా ఉంటుంది, దోసలో ఒక రకం ఊరుకుంటుంది, ఇంకోటి మూడో రోజుకే నల్లబడుతుంది. ఏది ఊరుకుంటుందో ముందే తెలియదు కాబట్టి అసలు జోలికే పోరు.

షాపులో మీరు ఏ మొక్క ఫోటో చూపించారు? బెండ ఆకు చూపించి ఉంటే అతను చెప్పింది సరైనదే.

డాబాతోట
ఫిబ్రవరి 26, రాత్రి 10:12

బెండ ఆకే చూపించానండి. ఇంటికొచ్చి అన్నిటికీ కొట్టింది నేనే 🙁

మట్టిచేతులు (విజయవాడ)
ఫిబ్రవరి 27, ఉదయం 6:30

డాబాతోట గారూ, గోదారిగట్టు గారు చెప్పింది నిజమే, కానీ గులాబీ ఆకు అంచులు కూడా మాడాయన్నారు చూడండి, అక్కడ నాకు ఇంకో అనుమానం వస్తోంది. గులాబీకి గంధకం మామూలుగా బాగానే పడుతుంది. మూడు విషయాలు చెప్పండి. ఆ ఆదివారం ఎండ ఎంత? అంతకు ముందు రెండు వారాల్లో వేపనూనె లాంటిది ఏదైనా కొట్టారా? చెంచా అంటే ఏ చెంచా?

డాబాతోట
ఫిబ్రవరి 27, ఉదయం 7:15

ఎండ 34 అని ఫోన్‌లో చూపించింది, డాబా మీద ఇంకా ఎక్కువే ఉండుంటుంది, కాలు కింద పెట్టలేకపోయాను. బుధవారం వేపనూనె కొట్టాను, పిండినల్లి ఉందని, గులాబీలకీ బీరకీ. చెంచా మా పోపులపెట్టెలోది. రెండు లీటర్ల స్ప్రేయర్‌కి గోపురంగా రెండు చెంచాలు వేశాను. మీరు అడుగుతుంటేనే నాకు అర్థమవుతోంది, మూడూ నేనే చేశాను కదా.

మట్టిచేతులు
ఫిబ్రవరి 27, ఉదయం 8:50

బాధపడకండి. నేను కూడా ఒక ఏడాది మిరప మడి మొత్తం ఇలాగే కాల్చుకున్నాను, అప్పుడు అడగడానికి ఎవరూ లేరు.

ఒక్కొక్కటే చెప్తాను, కొంచెం పెద్దగా ఉంటుంది. గంధకం పని చేసేది ఆవిరితో. ఆకు మీద పడిన సన్నటి పొడి ఎండకి కొద్దికొద్దిగా ఆవిరవుతూ బూడిద తెగులు శిలీంధ్రాన్ని మొలకెత్తనీయకుండా చేస్తుంది. అందుకే మరీ చల్లగా ఉన్న రోజుల్లో కొడితే పెద్దగా గుణం కనపడదు. ఎండ ముదిరితే ఆ ఆవిరే ఎక్కువై ఆకునే కాలుస్తుంది. 32 డిగ్రీలు దాటే రోజుల్లో కొట్టకూడదనేది అందుకే, కొట్టిన రోజే కాదు, ఆ తర్వాత రెండు మూడు రోజులు కూడా అంత ఎండ ఉండకూడదు. మన దగ్గర ఫిబ్రవరి మూడో వారం దాటిందంటే ఆ గీత దాటినట్టే. డాబా మీద సిమెంటు వేడి ఇంకా కలుస్తుంది కాబట్టి ఫోన్‌లో చూపించే అంకెని నమ్మొద్దు, మొక్కల మధ్య ఒక చిన్న థర్మామీటర్ వేలాడదీయండి.

ఇక నూనె సంగతి. ఆకు మీద మైనంలాంటి పొర ఉంటుంది కదా, అదే దానికి గొడుగు. వేపనూనె గానీ ఏ నూనె గానీ పట్టి ఉన్న ఆకు మీద గంధకం పడితే ఆ నూనె దాన్ని లోపలికి తీసుకెళ్తుంది. రెండిటి మధ్య కనీసం రెండు వారాలు తేడా ఉండాలి, సున్నితమైన మొక్కలకి నెల అంటారు. ముందు ఏది కొట్టినా అంతే, గంధకం కొట్టాక వేపనూనె కొట్టినా అదే జరుగుతుంది. రెండూ ఒకే డబ్బాలో కలిపి "డబుల్ పవర్" అని వీడియోలు పెడుతున్నారు ఈమధ్య, వాటిని చూసి చేయకండి.

చెంచా లెక్క ఎవరికీ కుదరదు. నేను ఒకసారి బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా మీద పెట్టి చూశాను. ఒకే చెంచా అంచుకి సమంగా నింపితే ఒక బరువు, గోపురంగా నింపితే దాదాపు రెట్టింపు. కాటా మూడు నాలుగు వందల రూపాయలకే దొరుకుతోంది, బీరపాదు కన్నా చవక.

ఎర్రమట్టి (అనంతపురం)
ఫిబ్రవరి 27, ఉదయం 10:20

అందరూ ఊరికే భయపెడుతున్నారు. మా నాన్న ఇరవై ఏళ్ళు ద్రాక్ష తోట చేశాడు. గంధకం పొడిని పలచటి గుడ్డలో మూట కట్టి కర్రకి తగిలించి పందిరి కింద తట్టుకుంటూ పోయేవాడు. ఏ కాటా లేదు, ఏ థర్మామీటర్ లేదు. ఒక్క ఆకు మాడలేదు. అనంతపురం ఎండ మీకు తెలుసు కదా. నాకు తెలిసి ఈ 32 డిగ్రీల లెక్క చలి దేశాల వాళ్ళు రాసుకున్నది.

గోదారిగట్టు
ఫిబ్రవరి 27, ఉదయం 11:00

తమ్ముడూ, నాన్నగారు ఏ నెలలో తట్టేవారు? ఏ టైముకి?

ఎర్రమట్టి
ఫిబ్రవరి 27, ఉదయం 11:04

నెల గుర్తులేదు అన్నా, నేను చిన్నవాణ్ణి. పొద్దున పూట అని తెలుసు, మంచుకి ఆకులు తడిగా ఉండేవి, నా పని బకెట్ పట్టుకోవడం.

గోదారిగట్టు
ఫిబ్రవరి 27, ఉదయం 11:10

మంచు పడుతోందంటే చలికాలమే కదా తమ్ముడూ. పైగా ద్రాక్ష గంధకానికి బాగా తట్టుకునే పంట. ఆ పందిరి కింద బీర తీగ అల్లించి అదే మూట తట్టి చూడమను.

కొత్తకుండీ (కరీంనగర్)
ఫిబ్రవరి 27, మధ్యాహ్నం 1:30

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. మా వీధి చివర పచారీ కొట్లో గంధకం ముక్కలు దొరుకుతున్నాయి, పసుపు రంగువి, చవకగా. అవి దంచి నీళ్ళలో కలిపి కొట్టొచ్చా? ఇంకొకరు కుండీల మధ్య నిప్పుల మీద గంధకం వేసి పొగ పెట్టమన్నారు, దోమలూ పోతాయి తెగుళ్ళూ పోతాయి అని.

మట్టిచేతులు
ఫిబ్రవరి 27, మధ్యాహ్నం 2:15

రెండూ వద్దు. ముఖ్యంగా రెండోది అసలు వద్దు!

గంధకం ముక్కని ఎంత దంచినా నీటిలో కలవదు, పైన తేలుతుంది లేదా అడుక్కి చేరుతుంది. ఒక ఆకు మీద గడ్డ, పక్క ఆకు మీద ఏమీ ఉండదు. మన పాకెట్ మందు పేరు "నీటిలో కరిగే గంధకం" అయినా నిజానికి అదీ కరగదు, అతి సన్నగా మరపట్టి నీటిలో విడిపోయేలా ఇంకో పదార్థం కలుపుతారు. అందుకే కొట్టేటప్పుడు ప్రతి రెండు నిమిషాలకీ డబ్బా ఊపాలి, లేకపోతే ఒక మొక్కకి నీళ్ళు, ఇంకో మొక్కకి మందు.

పొగ సంగతి. గంధకం తేలిగ్గా అంటుకుంటుంది, నీలి మంటతో కాలుతుంది, వచ్చేది సల్ఫర్ డయాక్సైడ్. ఊపిరి పట్టేసే వాయువు అది. ఆస్తమా ఉన్నవాళ్ళకి ప్రాణం మీదికి వస్తుంది, మొక్కల ఆకులూ తెల్లగా పాలిపోతాయి. పాలీహౌసుల్లో (ప్లాస్టిక్ కప్పు వేసి మొక్కలు పెంచే షెడ్లలో) గంధకాన్ని కాల్చకుండా వేడి చేసి ఆవిరి మాత్రం పట్టే యంత్రాలు వాడతారు, రాత్రిపూట మనుషులు లేనప్పుడు. ఇంట్లో నిప్పుల మీద వేయడం దానికి నకలు కాదు.

ఇంకోటి, ఇంట్లో పెట్టేటప్పుడు 13-0-45 ఎరువు పాకెట్ పక్కన పెట్టకండి. అది పొటాషియం నైట్రేట్, దానికి గంధకం, బొగ్గు తోడైతే ఏమవుతుందో దీపావళి కొట్టువాడిని అడగండి. పొడి చోట, పొయ్యికీ దేవుడి దీపానికీ దూరంగా, పిల్లలకి అందని చోట ఉంచండి.

రాత్రిడ్యూటీ (విశాఖపట్నం)
ఫిబ్రవరి 27, సాయంత్రం 5:40

ఆస్పత్రిలో పని చేస్తాను కాబట్టి కళ్ళ మంట గురించి నేను చెప్తాను. గంధకం తాకితే చచ్చిపోయే విషం కాదు. మందు పాకెట్ మీద వజ్రం ఆకారంలో గుర్తు ఉంటుంది చూడండి, ఎరుపు అత్యంత ప్రమాదం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. గంధకం పాకెట్ మీద ఆకుపచ్చ ఉంటుంది. అయితే ఆకుపచ్చ అంటే పసుపు, కుంకుమ అని కాదు. సన్నటి పొడి కంట్లో పడితే ఇసుక పడ్డట్టు మండుతుంది, ముక్కులోకి పోతే దగ్గు, చెమట పట్టిన మెడ మీద పడితే దురద.

కంట్లో పడితే నలపకుండా పావుగంట సేపు ధారగా నీళ్ళతో కడగాలి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే మొదటి ఐదు నిమిషాలు కడిగాక తీసేసి, మళ్ళీ కడగాలి. మంట తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు పాకెట్ వెంట తీసుకెళ్ళండి, అది చాలామంది మర్చిపోతారు. పొడి కలిపేటప్పుడే ఎక్కువ పైకి లేస్తుంది కాబట్టి మాస్కు, కళ్ళజోడు, చేతి తొడుగులు ముందు అప్పుడే కావాలి. మందు మీ మీదికే వచ్చేలా గాలికి ఎదురుగా కొట్టకండి, డాబా మీద గాలి తిరుగుతూ ఉంటుంది.

ఒకటి తరచుగా అడుగుతారు, "నాకు సల్ఫా మాత్రలు పడవు, గంధకం కొట్టొచ్చా" అని. సల్ఫా మందులు వేరు, గంధకం వేరు, ఒకదాని అలర్జీ రెండోదానికి రాదు. ఆస్తమా ఉన్నవాళ్ళు మాత్రం ఇంకొకరితో కొట్టించుకోండి.

ఇంకో ముచ్చట, వెండి పట్టీలతో కొట్టకండి, నల్లబడతాయి. మా అత్తగారు తన పట్టీలకి ఏదో దిష్టి తగిలిందనుకుని రెండ్రోజులు బెంగపెట్టుకున్నారు.

డాబాతోట
ఫిబ్రవరి 27, రాత్రి 8:30

😄 నా గాజులు మట్టివే, అవి బాగానే ఉన్నాయి.

సరే, ఇప్పుడు బీరపాదుకి ఏం చేయాలి? బూడిద ఇంకా కొన్ని ఆకుల మీద ఉంది.

గోదారిగట్టు
ఫిబ్రవరి 27, రాత్రి 9:10

ముందు మామూలు నీళ్ళతో ఆకులు రెండు వైపులా కడిగేయండి, సాయంత్రం పూట. మిగిలిన గంధకం పోతుంది. పూర్తిగా మాడినవి తీసేయండి, సగం పచ్చగా ఉన్నవి ఉంచండి, అవే ఇప్పుడు దానికి అన్నం పెట్టేవి. కొన ఎలా ఉంది? కొన బతికి ఉంటే పాదు బతికినట్టే. వారం పది రోజులు ఏ ఎరువూ వేయొద్దు, నీళ్ళు మాత్రం తగ్గించొద్దు.

అసలు అది బూడిద తెగులేనా అని కూడా చూసుకోండి. బీరకి బూజు తెగులు కూడా వస్తుంది, పేర్లు దగ్గరగా ఉంటాయి కానీ వేరు. బూడిద అయితే ఆకు పైన తెల్లటి పొడి, వేలితో తుడిస్తే వేలికి అంటుతుంది. బూజు తెగులైతే ఆకు ఈనెల మధ్య పలకలుగా పసుపు మచ్చలు, ఆకు తిప్పి చూస్తే అడుగున బూడిద రంగు బూజు. దానికి గంధకం ఎంత కొట్టినా దండగ.

పెరటిగుమ్మడి (వరంగల్)
ఫిబ్రవరి 27, రాత్రి 9:25

వేలితో తుడిచి చూడమన్నారు చూడండి, అది అందరూ రాసి పెట్టుకోవాలి. నేను గుమ్మడి ఆకు మీద ఈనెల పక్కన వెండి మచ్చలు చూసి తెగులనుకుని నానా మందులూ కొట్టాను. అది ఆ రకం గుమ్మడి పుట్టుకతో వచ్చిన రంగట!

మట్టిచేతులు
ఫిబ్రవరి 28, ఉదయం 6:45

బీరకి పాలు వాడి చూడండి. ఒక వంతు పాలు, తొమ్మిది వంతుల నీళ్ళు, ఉదయం ఎండ తగిలే వేళ, వారానికి ఒకసారి. నేను మొదట నవ్వుకున్నాను, కానీ 1999లోనే బ్రెజిల్‌లో గుమ్మడి కుటుంబానికే చెందిన జుకినీ మీద ఆవు పాలతో పరీక్ష చేసి బూడిద తెగులు తగ్గిందని చూపించారు. తెగులు మొదట్లో ఉంటేనే పని చేస్తుంది, ఆకంతా తెల్లబడ్డాక కాదు. నీళ్ళు ఎక్కువ కలపకపోతే మాత్రం వాసనకి పిల్లులు వస్తాయి.

అసలు బూడిద తెగులుకి మిగతా వాటిలా ఆకు తడిసి ఉండక్కర్లేదు. పగలు పొడిగా, రాత్రి చల్లగా, మొక్కలు ఒకదానిమీద ఒకటి పడి గాలి ఆడకుండా ఉంటే చాలు, అందుకే మన దగ్గర డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా దాని కాలం. మామిడి పూత మాడేదీ అప్పుడే. కింది ముసలి ఆకులు తీసి, గ్రో బ్యాగులు జానెడు దూరం జరిపితే సగం మందు ఖర్చు తప్పుతుంది. మార్చిలో ఎండలు ముదిరాక అదే తగ్గుముఖం పడుతుంది. కాబట్టి ఈ ఏడాదికి మీ గంధకం పాకెట్ మూతి బిగించి లోపల పెట్టేయడం మంచిది.

పసుపుపురుగు (గుంటూరు)
ఫిబ్రవరి 28, ఉదయం 9:00

మందు కొట్టేముందు బెండ ఆకు మీద చిన్న పసుపు రంగు అక్షింతల పురుగులు ఉన్నాయేమో చూడండి. మామూలు అక్షింతల పురుగు పేనుబంకని తింటుంది, ఈ పసుపుది బూడిద తెగులు బూజునే మేస్తుంది. అది కనిపించిన చోట తెల్ల మచ్చ అంచులు కొరికినట్టు తగ్గి ఉంటాయి. అది మీ కూలీ, జీతం అడగదు. గంధకం మిత్రనల్లులని కూడా చంపుతుంది, ఊరికే వారం వారం కొట్టుకుంటూ పోతే ఆ తర్వాత ఎర్రనల్లి పట్టినప్పుడు దాన్ని తినేవాళ్ళు ఉండరు.

కారంకారం (ఖమ్మం)
ఫిబ్రవరి 28, ఉదయం 11:30

మిరప ముడతకి గంధకం పని చేస్తుందా? మా ఇంటి వెనక పది మొక్కలున్నాయి, అన్నీ ముడుచుకుపోయాయి. ఒకరు చేస్తుందంటారు, ఒకరు చేయదంటారు.

పసుపుపురుగు
ఫిబ్రవరి 28, మధ్యాహ్నం 12:10

ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఆకు అంచులు పైకి లేచి దొన్నెలా ముడుచుకుంటే అది పై ముడత, తామర పురుగు పని, దానికి గంధకం పని చేయదు. ఆకు కిందికి వంగి, తిరగేసిన పడవలా, కాడ సాగినట్టు ఉంటే కింది ముడత, తెల్లనల్లి. దానికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు పడుతుంది, ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. రెండూ కలిసి కూడా వస్తాయి, అప్పుడు ఒక్క మందుతో పోదు. కానీ ఇప్పుడు ఖమ్మంలో ఎండ చూసుకుని, 32 దాటని రోజుల్లోనే, సాయంత్రం ఐదు దాటాక కొట్టండి, ముందు ఒక మొక్కకి మాత్రమే కొట్టి రెండు రోజులు చూడండి.

డల్లాస్_దోసపాదు (టెక్సాస్)
మార్చి 1, ఉదయం 7:50

ఇక్కడి నుంచి ఒక ముక్క. అమెరికాలో ఉన్నవాళ్ళు 32 అంటే కంగారు పడొద్దు, అది 90 ఫారెన్‌హీట్. మాకు ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా గంధకం ముట్టుకునే పని లేదు.

ఇంకో గొడవ. ఇక్కడి స్టోర్లలో గంధకం రెండు రకాలుగా అమ్ముతారు, ఆకుల మీద కొట్టే సన్నటిది ఒకటి, మట్టిలో వేసే గుళికలు ఒకటి. మా స్నేహితుడొకడు గుళికలవి నీళ్ళలో నానబెట్టి స్ప్రేయర్‌లో పోసి నాజిల్ మొత్తం పాడు చేసుకున్నాడు. ఇండియాలో కూడా 90 శాతం బెంటొనైట్ గంధకం అని బూడిద పసుపు రంగు గుళికలు ఎరువుల షాపులో ఉంటాయి, అది మట్టికే.

నా ప్రశ్న. మా కరివేపాకు ఆకులు పసుపు పచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. ఇక్కడి నల్లమట్టిలో సున్నం ఎక్కువ, కొళాయి నీళ్ళూ అంతే. మట్టిలో గంధకం వేస్తే పుల్లబడుతుందంటున్నారు, నిజమేనా?

మట్టిచేతులు
మార్చి 1, రాత్రి 9:00

నిజమే కానీ మీరనుకున్నంత త్వరగా కాదు. గంధకాన్ని మట్టిలోని బాక్టీరియా తిని ఆమ్లంగా మార్చాలి, దానికి తడి, వెచ్చదనం, కొన్ని నెలల టైము కావాలి. చలికాలంలో వేస్తే అలా పడి ఉంటుంది. వారంలో గుణం కనపడలేదని మళ్ళీ వేసి, మళ్ళీ వేసి, వేసవిలో ఒక్కసారిగా మట్టి మరీ పుల్లబడి వేళ్ళు చెడగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. కుండీలో మట్టి తక్కువ కాబట్టి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. సున్నపు రాళ్ళున్న నేలలో అయితే దానికి వ్యతిరేకం, ఎంత వేసినా సున్నం మింగేస్తుంది. ముందు మట్టి పీహెచ్ (మట్టి ఎంత పుల్లగా ఉందో చెప్పే అంకె) చూపించుకోకుండా వేయకండి.

మీరు చెప్పింది ఇనుము లోపంలా ఉంది. అన్నభేది 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము లీటరు నీటికి కలిపి ఆకుల మీద చల్లితే వారం పది రోజుల్లో కొత్త ఆకు పచ్చగా వస్తుంది. మీ దగ్గర అయితే చీలేటెడ్ ఐరన్ అని అడగండి. సిమెంటు నేల మీద పడకుండా చూసుకోండి, తుప్పు మరకలు ఇక పోవు, నా వరండా సాక్షి.

కొత్తకుండీ
మార్చి 1, రాత్రి 9:20

మైలుతుత్తం కూడా గంధకమేనా? మా ఊర్లో రెండూ ఒకే పేరుతో పిలుస్తున్నారు.

గోదారిగట్టు
మార్చి 1, రాత్రి 9:45

కాదు బాబూ. మైలుతుత్తం రాగి మందు, నీలం రంగుది. సున్నంతో కలిపితే తెగుళ్ళకి కొట్టే బోర్డో మిశ్రమం అవుతుంది. గంధకం పసుపు. రెండిటినీ కలిపి ఒకేసారి కొట్టొద్దు. ఈ తేడా తెలియకుండా ఏ పాకెట్ మూతీ తీయకు.

ఎర్రమట్టి
మార్చి 2, ఉదయం 8:15

నాన్నకి ఫోన్ చేశాను. "పూత రాకముందు చలిలో, తెల్లారి ఐదున్నరకి, ఎండెక్కితే మూట పక్కన పెట్టేసేవాణ్ణి రా" అన్నాడు. "ఎండలో తడితే నేనూ మాడతాను, ఆకూ మాడుతుంది" అని కూడా అన్నాడు. సరే, ఒప్పుకుంటున్నా 🙏

పైగా ఒకటి కొత్తగా చెప్పాడు, ఆ రోజుల్లో ఇంటికొచ్చాక అమ్మ ఆయన్ని పెరట్లోనే స్నానం చేయించి, ఆ బట్టలు విడిగా ఉతికేదట. నాకు ఆ సంగతి అసలు గుర్తే లేదు.

అత్తకోడలు (నెల్లూరు)
మార్చి 2, ఉదయం 10:30

పాములు రాకుండా గోడ చుట్టూ గంధకం పొడి చల్లమని మా అత్తగారు పట్టుబడుతున్నారు. చల్లనా?

పసుపుపురుగు
మార్చి 2, ఉదయం 10:50

పాము దాని మీద నుంచే వెళ్తుందండి, దానికి పట్టదు. గోడ పక్కన ఇటుకలు, కొబ్బరి మట్టలు పేరుకుని ఉంటే అవి తీయించండి, ఎలకలు తగ్గితే పామూ తగ్గుతుంది. అత్తగారికి నేను చెప్పానని చెప్పకండి.

డాబాతోట
మార్చి 2, రాత్రి 9:30

ఇంకో రెండు అడిగి వదిలేస్తాను. వచ్చే చలికాలానికి సరిగ్గా ఎలా కలపాలి? కొట్టిన బెండకాయలు ఎప్పుడు తినొచ్చు?

మట్టిచేతులు
మార్చి 3, ఉదయం 7:00

నేను చేసే పద్ధతి చెప్తాను. ప్లాస్టిక్ మగ్గులో 6 గ్రాములు తూచి, అరగ్లాసు నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ దోసె పిండిలా ఉండలు లేకుండా కలుపుతాను, పుల్లతో, చేత్తో కాదు. దాన్ని పాత పంచె గుడ్డలో వడకట్టి రెండు లీటర్ల స్ప్రేయర్‌లో పోసి మిగతా నీళ్ళు నింపుతాను. వడకట్టకపోతే మూడో మొక్క దగ్గరే నాజిల్ మూసుకుపోతుంది, దాన్ని నోటితో ఊదేవాళ్ళని చూశాను, దయచేసి అలా చేయకండి. కలిపింది అదే రోజు అయిపోవాలి, రేపటికి దాచొద్దు. మోతాదు విషయంలో మీ పాకెట్ మీద వేరే రాసి ఉంటే అదే పాటించండి, కంపెనీని బట్టి తయారీ మారుతుంది. మొక్కకి ముందు రోజే నీళ్ళు పెట్టి ఉంచండి, దాహంతో ఉన్న మొక్క తొందరగా మాడుతుంది. అయ్యాక స్ప్రేయర్ మూడుసార్లు కడగండి, ఆ నీళ్ళు చేపల తొట్టిలోకో కాలవలోకో పోయొద్దు.

కోత గురించి, లేబుల్ మీద ఎన్ని రోజులు ఆగమని ఉంటే అన్ని రోజులు ఆగాలి. బెండ అయితే రోజు విడిచి రోజు కోస్తాం కాబట్టి నేను ముందు కోసేసి ఆ సాయంత్రం కొడతాను, గడువు లోపల ముదిరినవి విత్తనానికి వదిలేస్తాను. కొట్టిన కాయలు ధార కింద బాగా రుద్ది కడగాలి. గంధకం ఆకు లోపలికి పాకే మందు కాదు, పైనే ఉంటుంది, అందుకే వాన పడితే పోతుంది, కడిగితే పోతుంది.

అనుమానం వస్తే కిసాన్ కాల్ సెంటర్‌కి 1800-180-1551కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. మేడ మీద మొక్కలు అన్నా నవ్వరు.

డాబాతోట
మార్చి 19, సాయంత్రం 6:20

ఫోటో పెట్టడం రావట్లేదు, రాస్తున్నాను. బీరపాదు కొన బతికింది. కడిగిన పదో రోజుకి రెండు కణుపుల దగ్గర కొత్త చిగుర్లు వచ్చాయి, ఇప్పుడు అరచేయంత ఆకులు ఐదు. పాత ఆకులు కొన్ని అలాగే గోధుమ రంగులో వేలాడుతున్నాయి, తీయబుద్ధి కావట్లేదు, గుర్తుకి ఉంచాను. పాలు మూడుసార్లు కొట్టాను, పిల్లి ఒకసారి వచ్చింది. గులాబీ ఎప్పుడో కోలుకుంది. బెండ మీద ఒక పసుపు పురుగు కనిపించింది, మా పాప దానికి పేరు కూడా పెట్టింది.

కాటా కొన్నాను. మా ఆయన దాని మీద ముందు తన ఉంగరం పెట్టి తూచుకున్నాడు, కొన్నప్పటి బిల్లుకన్నా పావు గ్రాము తక్కువ వచ్చింది, ఇప్పుడు ఇంట్లో చర్చ దాని మీద జరుగుతోంది.

గోదారిగట్టు
మార్చి 19, రాత్రి 8:00

ఉంగరం అరిగి ఉంటుంది అమ్మా, ఆయన్ని మీరు డాబా పని చేయించి ఉంటారు. మొదటి బీరకాయ కోసినప్పుడు చెప్పండి.